డెమో క్లాసులో కచేరీ చెయ్యకండి

ప్రశ్న: గాత్రంలో డిప్లొమా పూర్తి చేశాను. ఆరు నెలలుగా సంగీతం టీచర్ ఉద్యోగం కోసం తిరుగుతున్నాను. రెండు స్కూళ్ళు డెమో క్లాసుకు పిలిచాయి. రెండు చోట్లా బాగానే పాడాను. పిల్లలు చప్పట్లు కొట్టారు, ప్రిన్సిపాల్ గారు ‘గొంతు చాలా బాగుందమ్మా’ అన్నారు. తర్వాత ఫోన్ రాలేదు. మిగతా స్కూళ్ళు ‘అనుభవం ఉందా?’ అని అడిగి అక్కడితో ఆపేస్తున్నాయి. ఎవరూ ఉద్యోగం ఇవ్వకపోతే అనుభవం ఎక్కడి నుంచి వస్తుంది మేడమ్? ఇప్పుడు ఇంటర్వ్యూ అంటేనే టెన్షన్ వచ్చేస్తోంది.
– పేరు వేయవద్దన్న పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరెలా పాడారో, ఎవరు మెచ్చుకున్నారో అంతా ఉంది. ఆ రెండు క్లాసుల్లో పిల్లలు ఏం పాడారన్నది మాత్రం ఎక్కడా లేదు. మీకు ఫోన్ రాకపోవడానికి కారణం అక్కడే ఉందని నాకు అనిపిస్తోంది.

ఇంత ధైర్యంగా ఎందుకు చెబుతున్నానంటే, నా మొదటి డెమో క్లాసు కూడా అలాగే జరిగింది. మూడో తరగతి, ముప్పై ఎనిమిది మంది పిల్లలు. తంబుర శ్రుతి చేసుకోవడానికే నాకు అయిదు నిమిషాలు పట్టింది. తర్వాత కల్యాణి రాగంలో ఒక కీర్తన ఎత్తుకున్నాను. రాగం కొద్దిగా పాడి, చివర్లో స్వరకల్పన కూడా వేశాను. మొత్తం పన్నెండు నిమిషాలు. నాకు తెలిసినదంతా చూపిస్తే ఉద్యోగం ఇస్తారని నా నమ్మకం. మొదటి బెంచీలో ఒక పిల్లవాడు బూటు లేసు విప్పుకుని, మళ్ళీ కట్టుకుని, మళ్ళీ విప్పుకుంటున్నాడు. వెనక కూర్చున్న హెడ్మిస్ట్రెస్ గారు అంతా ఓపిగ్గా విని ఒకే ఒక్క ప్రశ్న వేశారు: “పిల్లలు ఎప్పుడు పాడతారమ్మా?”

ఆ ఉద్యోగం నాకు రాలేదు. కానీ తర్వాత ముప్పై నాలుగేళ్ళ పాటు ఏ క్లాసులోకి వెళ్ళినా నేను ఆ ప్రశ్న గుర్తు చేసుకునే వెళ్ళాను.

మీకు బాగా పాడటం వచ్చన్న సంగతి మీ సర్టిఫికెట్ చూస్తేనే తెలుస్తుంది. డెమో పెట్టేది అందుకోసం కాదు. ముక్కూ మొహం తెలియని నలభై మంది పిల్లల ముందు నిలబడి, ఇరవై నిమిషాల్లో వాళ్ళ నోట ఏదైనా పలికించగలరా అని చూస్తారు. క్లాసు మొదలైనప్పుడు రాని దేన్నో ఒకదాన్ని, చిన్నదైనా సరే, పిల్లలు ముగిసేసరికి పాడాలి. అంతే.

ఇరవై నిమిషాలు ఇచ్చారనుకుందాం. శ్రుతి పెట్టె ముందే సరిచేసుకుని, మోగిస్తూనే లోపలికి వెళ్ళండి. మీ పేరు, చదువు, సంగీతం గొప్పతనం, ఇవేవీ చెప్పకండి. రెండు చప్పట్లు, ఒక ఖాళీ, ఇంకో చప్పట్టు కొట్టి, చేతులు పిల్లల వైపు చాపండి. చెప్పక్కర్లేకుండానే వాళ్ళు తిరిగి కొడతారు. చప్పట్ల వరస మార్చండి. మూడోసారో నాలుగోసారో గది దానంతటదే సద్దుమణుగుతుంది, ఎందుకంటే మీరేం కొడుతున్నారో వినకపోతే వాళ్ళకు ఆట దొరకదు. ‘సైలెన్స్’ అని అరిచిన టీచరుకు ఆ నిశ్శబ్దం అర నిమిషం కూడా నిలవదు.

తర్వాత మోహన రాగంలో ప, గ అని రెండే స్వరాలు పాడండి. పంచమం నుంచి గాంధారానికి దిగడం. పిల్లలు ఆటల్లో ఒకరినొకరు సాగదీసి పిలుచుకునే పిలుపు చాలాసార్లు ఈ రెండు స్వరాల మధ్యే ఉంటుంది, గమనించండి. హంగరీ సంగీతకారుడు జోల్తాన్ కోడాయ్ (1882–1967) ఆలోచనల మీద పెరిగిన బోధనా పద్ధతిలో కూడా చిన్నపిల్లలకు పాట ఈ మెట్టు దిగడంతోనే మొదలవుతుంది. వాళ్ళు సో, మి అంటారు, మనం ప, గ అంటాం. ఈ రెండు స్వరాల మీద ఒక పిల్లను పేరు పెట్టి పిలవండి. అదే స్వరాల మీద ఆ పిల్ల పలుకుతుంది. పది మందిని అలా పిలిస్తే, క్లాసంతా తెలియకుండానే శ్రుతిలోకి వచ్చేస్తుంది. ఆ తర్వాత ద కలపండి, కిందికి రి, స కలపండి. మోహనం ఆరోహణ అవరోహణలు వాళ్ళ నోటికి వచ్చేసినట్టే.

మీకు ఇక్కడ ఒక సందేహం రావాలి. మనకు తొలి పాఠం మాయామాళవగౌళ రాగంలో కదా, పురందరదాసు నాటి నుంచి వస్తున్న పద్ధతి కదా అని. ఏళ్ళ తరబడి నేర్చుకోబోయే పిల్లకు అంతకంటే మంచి పునాది లేదని నేనూ నమ్ముతాను. పూర్వాంగం (స నుంచి మ దాకా) ఎలా ఉంటుందో ఉత్తరాంగమూ (ప నుంచి పై స దాకా) అలాగే ఉంటుంది. స–రి దగ్గర, రి–గ దూరం, గ–మ మళ్ళీ దగ్గర. చెవికి దగ్గరా దూరం రెండూ అలవాటవుతాయి. కానీ స పక్కనే ఉండే ఆ రి, అంటే శుద్ధ రిషభం, కొత్త పిల్లల గొంతులో నిలబడటానికి వారాలు పడుతుంది. ఇరవై నిమిషాల్లో కుదరదు. మోహనంలో పక్కపక్కన అంత ఇరుకైన స్వరాలు లేవు, అందుకే తప్పిపోవడం తక్కువ. జర్మన్ సంగీతకారుడు కార్ల్ ఆర్ఫ్ (1895–1982) పిల్లల కోసం చేయించిన జైలోఫోన్లలో పలకలు ఊడదీసుకోవచ్చు. శంకరాభరణం మెట్ల లోంచి మ, ని పలకలు తీసి పక్కన పెడితే మిగిలేది మన మోహనమే. ఆ పిల్లవాడు ఇక ఏ పలక మీద కొట్టినా వినసొంపుగానే ఉంటుంది. ఎక్కడో పుట్టిన ఆ పద్ధతీ, మన రాగమూ ఒకే చోట కలిశాయని తెలిసిన రోజు నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను.

శ్రుతి సంగతి మాత్రం చాలా జాగ్రత్తగా చూసుకోండి. కొత్త టీచర్లు దెబ్బ తినేది ఎక్కువగా ఇక్కడే. నా కచేరీ శ్రుతి ఐదున్నర, అంటే హార్మోనియం మీద కింది సప్తకంలో ఐదో, ఆరో తెల్లమెట్ల మధ్య ఉండే నల్లమెట్టు. చాలామంది ఆడవాళ్ళది ఆ చుట్టుపక్కలే ఉంటుంది. ఆ శ్రుతిలో షడ్జం (స) ఆరేడేళ్ళ పిల్లలకు మరీ కింద. వాళ్ళు పాడలేక గొణుగుతారు, మనమేమో శ్రుతి జ్ఞానం లేదంటాం. ఒకటి నుంచి రెండు శ్రుతి మధ్య పెట్టండి. రెండు పెడితే, హార్మోనియం మీద మధ్య సప్తకంలో రెండో తెల్లమెట్టు షడ్జం అవుతుంది, దైవతం (ద) ఏడో తెల్లమెట్టు మీద పడుతుంది. చిన్నపిల్లల గొంతు హాయిగా తిరిగే చోటు సుమారు అదే. మీకు కాస్త ఇబ్బందిగా ఉన్నా ఫరవాలేదు, ఆ రోజు పాడాల్సింది మీరు కాదు. మగవాళ్ళయితే ఇంకో సంగతి. మీ గొంతు పిల్లల గొంతుకు ఒక స్థాయి కింద పలుకుతుంది. దాన్ని అందుకోబోయి పిల్లలు గొంతు బొంగురు చేసుకుంటారు. అందుకని మొదట వయొలిన్ మీదో కీబోర్డు మీదో వాళ్ళ స్థాయిలో వినిపించి, తర్వాత పాడండి.

చివరి మూడు నిమిషాలు మీరు నోరు విప్పకండి. ఒక పిల్లను ముందుకు పిలిచి తాళం వేయమనండి, ఇంకో పిల్లవాడిని పాట ఎత్తమనండి. మీరు పక్కకు జరిగి నిలబడి వినండి. వెనక కూర్చున్నవాళ్ళు చూడాలనుకున్నది అదే. కొంతమంది అభ్యర్థులు పిల్లలతో పాటు మొదటి నుంచి చివరి వరకు గట్టిగా పాడుతూనే ఉంటారు. తాను పాడుతుంటే టీచరుకు ఏ పిల్ల ఎక్కడ తప్పుతోందో వినబడదు. గొంతు కూడా త్వరగా అలిసిపోతుంది. రోజుకు ఆరు పీరియడ్లు అలా పాడితే ఏడాది తిరిగేసరికి డాక్టరు దగ్గర కూర్చోవలసి వస్తుంది. నా తోటి టీచర్లలో ఇద్దరిని అలా చూశాను.

ఇక అనుభవం గురించి. మీకు అనుభవం లేదని ఎవరన్నారమ్మా? డిప్లొమా దాకా వచ్చారంటే మీరు ఒక గురువు దగ్గర ఏళ్ళ తరబడి కూర్చున్నారు. ఆవిడకు జ్వరం వచ్చిన రోజునో, ఊరెళ్ళిన వారమో, కొత్తగా చేరిన పిల్లలకు సరళీ స్వరాలు ఎవరు చెప్పారు? జంట స్వరాల్లో రెండో స్వరం నొక్కడం రాని పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఎవరు దిద్దారు? పాఠం చెప్పడమంటే అదే. ‘సరళీ స్వరాలు, జంటలు, అలంకారాల దాకా ఏడుగురు పిల్లలకు రెండేళ్ళ పాటు చెప్పాను, ఆరు నుంచి పదకొండేళ్ళ వయసు వాళ్ళు’ అని దరఖాస్తులో మొదటి పేరాలోనే రాయండి. అంకెలు నిజంగా ఎన్నో అన్నే రాయండి, ఒక్కటి కూడా పెంచకండి. మీ గురువుగారిని సిఫారసు ఉత్తరం అడిగేటప్పుడు కూడా, మీరు ఎంత బాగా పాడతారో కాకుండా చిన్నవాళ్ళకు ఎలా చెబుతారో రాయమని అడగండి. ఇలాంటి ఉత్తరాలు నేను చాలా చదివాను. ‘ఈమె గానం శ్రావ్యము’ అన్న ఉత్తరం నన్ను ఎప్పుడూ కదిలించలేదు. ‘ఈమె చెప్పిన పిల్లలు తాళం తప్పరు’ అన్న ఒక్క వాక్యానికి నేను అభ్యర్థిని పిలిపించిన రోజులు ఉన్నాయి.

వీడియో పంపమంటే కచేరీ వీడియో పంపకండి. తల్లిదండ్రుల అనుమతి తీసుకుని, మీరు ఇద్దరు ముగ్గురు పిల్లలకు పాఠం చెబుతున్నది రెండు నిమిషాలు తీసి పంపండి. ఒక పిల్ల తప్పు పాడటం, మీరు దిద్దడం, ఆ పిల్ల సరిగ్గా పాడటం, ఈ మూడూ అందులో ఉంటే చాలు.

అనుమతి లేకపోతే పిల్లల మొహాలు కనిపించకుండా గొంతులు మాత్రం వినిపించండి. అలా జాగ్రత్తపడ్డారని తెలిస్తే స్కూలు వాళ్ళకు మీ మీద గౌరవం పెరుగుతుంది.

ఖాళీలు ఎక్కడ ఉంటాయని మీరు అడగలేదు కానీ చెబుతాను. శాశ్వత పోస్టు కోసమే చూస్తూ కూర్చుంటే చాలా కాలం పడుతుంది. చాలా స్కూళ్ళకు సంగీతం టీచరు ఒక్కరే ఉంటారు, ఆ ఒక్కరు వెళితే తప్ప ఖాళీ రాదు. కానీ ఆ ఒక్కరికీ ప్రసూతి సెలవు వస్తుంది, ఆపరేషన్ అవుతుంది, మోకాళ్ళ నొప్పులు వస్తాయి. వాళ్ళ బదులు మూడు నెలలు చేసే పని దొరికితే వదలకండి. నాకు మొదటి జీతం అలా వచ్చినదే. స్కూలు తెరిచే రోజుల్లో కాకుండా, విద్యా సంవత్సరం ముగిసే ముందే వెళ్ళి దరఖాస్తు చేతికిచ్చి రండి. వచ్చే ఏడాది ఎవరుంటారు, ఎవరు వెళతారు అన్నది అప్పుడే తేలుతుంది. ఇంకో పని కూడా చెయ్యండి. అనుభవం ఉన్న ఒక టీచరును అడిగి, వరసగా నాలుగైదు క్లాసులు వెనక కూర్చుని చూడండి. ఆవిడ ఏం పాడారో కాదు, పిల్లలు అల్లరి మొదలుపెట్టినప్పుడు ఆవిడ చేతులు ఏం చేశాయో రాసుకోండి.

ఇంటర్వ్యూలో ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: ‘అసలు పాడలేని పిల్లవాడిని ఏం చేస్తారు?’ దీనికి జవాబు ముందే ఆలోచించుకోండి. బట్టీ పట్టమని కాదు, నిజంగా ఆలోచించండి. స్వరాల తేడా ఎంతకీ తెలియని మనుషులు ఉంటారు కానీ చాలా అరుదు. మిగతా పిల్లలకు తమ గొంతు ఎక్కడ ఉందో ఇంకా దొరకలేదు, అంతే. నేనైతే ఆ పిల్లవాడు పలికే స్వరం దగ్గరికి నేనే వెళతాను. వాడు ఏ ఎత్తులో ‘ఆ’ అంటే ఆ ఎత్తులోనే నేనూ పాడతాను. రెండు గొంతులూ కలిసినప్పుడు ఎలా ఉంటుందో వాడికి మొదటిసారి తెలుస్తుంది, మొహం మారిపోతుంది. అక్కడి నుంచి సైరన్ లాగా గొంతు పైకీ కిందికీ జార్చే ఆట ఆడిస్తూ, మెల్లగా శ్రుతి వైపు తీసుకొస్తాను. కొందరికి రెండు వారాలు, కొందరికి ఏడాది.

ఒక్క పని మాత్రం ఎప్పటికీ చెయ్యకండి. బృందగానంలో ‘నువ్వు నోరు కదుపు చాలు, గొంతు వినబడకూడదు’ అని ఏ పిల్లకూ చెప్పకండి. యాభై దాటిన ఒకావిడ నా దగ్గర నేర్చుకోవడానికి వచ్చారు. ఎనిమిదేళ్ళ వయసులో ఒక టీచరు అలా అన్నారట. నలభై ఏళ్ళకు పైగా ఆవిడ మనుషులున్న చోట పాడలేదు. పిల్లలకు జోలపాట కూడా పాడలేదట. మూడో వారానికి ఆవిడ షడ్జం శ్రుతిలో నిలిచింది. ఆ పూట మేమిద్దరం పాఠం ఆపేసి కాసేపు ఊరికే కూర్చున్నాం. ఈ సంగతి ఇంటర్వ్యూలో చెప్పండి, చెప్పకపోండి, మీ ఇష్టం. క్లాసులోకి వెళ్ళే ముందు గుర్తు చేసుకుంటే నాకు చాలు.

ప్రశ్న: వయొలిన్ వాయిస్తాను. ఒక చిన్న స్కూల్లో సంగీతం టీచర్‌గా తీసుకుంటామన్నారు. కానీ వారానికి పన్నెండు పీరియడ్లు సంగీతమైతే, మిగతా పది పీరియడ్లు లైబ్రరీ, ఆటలు చూసుకోవాలట. సంగీతానికి ప్రత్యేకంగా గది లేదు. నా స్నేహితులు ‘అది సంగీతం ఉద్యోగం కాదు, చేరకు’ అంటున్నారు. ఇదే నా మొదటి ఆఫర్. ఏం చెయ్యమంటారు?
– వయొలిన్ విద్యార్థి

జవాబు: చేరండి బాబూ. కానీ సంతకం పెట్టే ముందు నాలుగు విషయాలు మాట్లాడుకోండి.

సంగీతంతో పాటు ఇంకేదో చూసుకోమనడం కొత్తగా వచ్చినది కాదు. 1723లో జర్మనీలో లైప్‌జిగ్‌లోని సెయింట్ థామస్ స్కూల్లో చేరిన ప్రసిద్ధ స్వరకర్త బాఖ్‌కి కూడా పిల్లలకు లాటిన్ చెప్పే బాధ్యత అంటగట్టారు. ఆయన తోటి ఉపాధ్యాయుడికి డబ్బిచ్చి ఆ పాఠాలు చెప్పించుకున్నాడు. మీకు ఆ వీలు ఉండదు. కానీ లైబ్రరీ పీరియడ్ నష్టమేమీ కాదు. పిల్లల పేర్లు, స్వభావాలు అక్కడ తెలుస్తాయి. ఎవరు కుదురుగా కూర్చోగలరో, ఎవరి వేళ్ళు ఎప్పుడూ ఏదో ఒకటి చేస్తూ ఉంటాయో చూసుకోండి. మీ వయొలిన్ పిల్లలు వాళ్ళలోనే ఉంటారు.

గది మాత్రం గట్టిగా అడగండి. ప్రత్యేకంగా కట్టించమని కాదు, ఆ పన్నెండు పీరియడ్లకు తలుపు వేసుకోగలిగిన గది ఏదైనా కేటాయించమని అడగండి. వరండాలో వయొలిన్ చెప్పలేరు. కొత్త పిల్లలకు తమ తీగ తమకే వినబడదు. అక్కడ డ్రమ్స్ కూడా ఉంటే, చిన్న గదిలో రోజంతా వాటి మధ్య ఉండవద్దు. శబ్దం 85 డెసిబెల్స్ ఉంటే రోజుకు ఎనిమిది గంటలకు మించి వినకూడదని, ఆ తర్వాత ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయాన్ని సగానికి తగ్గించుకోవాలని నిపుణుల లెక్క. ఆ లెక్కన 100 డెసిబెల్స్ దగ్గర పావుగంటే. మన చెవి పాడైతే ఇంకో చెవి తెచ్చుకోలేం.

వాయిద్యాల గురించీ అడగండి. ఎవరు కొంటారు? తీగలు తెగితే ఎవరిస్తారు? పిల్లల వయొలిన్లు పావు, సగం, ముప్పావు అంటూ వేర్వేరు కొలతల్లో వస్తాయి. ఎనిమిదేళ్ళ పిల్లవాడి చేతిలో పెద్దవాళ్ళ వయొలిన్ పెడితే భుజం నొప్పి తప్ప ఏమీ రాదు. స్కూల్లో అన్నీ పెద్దవే ఉంటే, మొదటి ఏడాది పాటతోనూ తాళంతోనూ నడిపించి, రెండో ఏటికి నాలుగు చిన్నవి తెప్పించమనండి. జపాన్‌లో వయొలిన్ గురువు షినిచి సుజుకి (1898–1998) మాతృభాష వచ్చినట్టే సంగీతమూ రావాలని నమ్మి, పిల్లలు వాయించే ముందే ఆ పాటలు మళ్ళీ మళ్ళీ వినేలా చూశారు. తల్లో తండ్రో పక్కన కూర్చుని పాఠం వినేవారు. వినడం వరకు మీకు చేతిలో వాయిద్యం అక్కర్లేదు. రేపే మొదలుపెట్టవచ్చు.

ఇక డబ్బు. అడగడానికి మొహమాటపడకండి. జీతం నెలకా, పీరియడ్‌కా? పీరియడ్‌కైతే సెలవుల్లో వస్తుందా? కార్యక్రమాలప్పుడు సాయంత్రాలు ఆగి రిహార్సల్స్ చేయించాలి, దానికి లెక్క ఏమిటి? ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి. నా మొదటి స్కూల్లో నోటిమాట నమ్మి, రెండు నెలల సెలవులకు జీతం రాదని సెలవులు వచ్చాక తెలుసుకున్నాను. వాళ్ళు మోసం చేశారనను, నేను అడగలేదు, వాళ్ళు చెప్పలేదు.

ఒక ఏడాది చెయ్యండి. ఏడాది చివర సంగీతం పీరియడ్లు పన్నెండు నుంచి ఎనిమిదికి దిగితే ఇంకో చోట చూసుకోండి. పద్నాలుగు అయితే ఉండిపోండి.

ప్రశ్న: నాకు సంగీతంలో డిగ్రీ, డిప్లొమా ఏవీ లేవు. పన్నెండేళ్ళు గురువుగారి దగ్గర నేర్చుకున్నాను. టీచర్‌గా పనికొస్తానా?
– గృహిణి

జవాబు: చెప్పడానికి పనికొస్తారు. కానీ చాలా స్కూళ్ళు కాగితం లేకుండా లోపలికి రానివ్వవు, ప్రభుత్వ స్కూళ్ళయితే మరీను. కాబట్టి రెండు పనులూ కలిపి చెయ్యండి. మీ స్థాయికి తగిన పరీక్షకు ఈ ఏడాదే కట్టండి. పన్నెండేళ్ళు నేర్చుకున్నవారికి పాట కష్టం కాదు, రాతపరీక్షలో శాస్త్రం దగ్గర తడబడతారు. 72 మేళకర్తలు, అంటే మూల రాగాలు, ఎలా ఏర్పడ్డాయో కాగితం మీద వేసి చూడండి: మ రెండు రకాలు కాబట్టి శుద్ధ మధ్యమంతో 36, ప్రతి మధ్యమంతో 36, చక్రం అనే ఒక్కో గుంపులో ఆరు. రెండు సాయంత్రాలు కూర్చుంటే అర్థమవుతుంది. ఈలోగా ఇంట్లో ముగ్గురు పిల్లలతో క్లాసు మొదలుపెట్టండి. ముగ్గురే. ఒకేసారి పది మందిని చేర్చుకోకండి. మొదటి ముగ్గురు ఎలా పాడతారో చూసే మిగతావాళ్ళు వస్తారు.

ప్రశ్న: టీచర్ ఉద్యోగం వచ్చింది, వచ్చే నెల చేరాలి. కానీ లోపల ఒక భయం. రోజంతా పిల్లలకు సరళీ స్వరాలు చెబుతూ ఉంటే నా సాధన ఏమవుతుంది? నా గురువుగారే ‘టీచరైతే పాట పోతుంది’ అన్నారు.
– కచేరీలు చేయాలని ఆశ ఉన్న అమ్మాయి

జవాబు: మీ గురువుగారి మాట కొట్టిపారేయను. ఆయన అలా పాట పోగొట్టుకున్నవాళ్ళను చూసే అని ఉంటారు. నేనూ చూశాను. సాయంత్రం ఇంటికి వెళ్ళాక సాధన చేద్దామనుకున్నవాళ్ళందరూ అలాగే పోగొట్టుకున్నారు. ఆరు పీరియడ్ల తర్వాత గొంతుకు కావలసింది విశ్రాంతి, సాధన కాదు.

ఇంగ్లండులో గుస్తావ్ హోల్స్ట్ అనే స్వరకర్త 1905లో ఒక బాలికల పాఠశాలలో సంగీతం టీచరుగా చేరి, 1934లో చనిపోయేదాకా అక్కడే పనిచేశాడు. పేరు వచ్చాక కూడా మానలేదు. ఆ స్కూలు ఆర్కెస్ట్రాలో వాయించే పిల్లల కోసమే ప్రత్యేకంగా ఒక రచన చేశాడు. 1913లో స్కూలు వాళ్ళు బయటి శబ్దం రాని సంగీతం గది కట్టించారు. వారాంతాల్లో స్కూలు ఖాళీగా ఉన్నప్పుడు ఆయన ఆ గదిలో కూర్చుని తన సొంత రచనలు చేసుకునేవాడు.

నాకు ఆ కథ తెలియక ముందే నా పద్ధతి కాస్త అలాంటిదే. స్కూలు బెల్లు కొట్టడానికి యాభై నిమిషాల ముందు వెళ్ళేదాన్ని. గొంతు తాజాగా ఉంటుంది, గది నిశ్శబ్దంగా ఉంటుంది. అకార సాధన పది నిమిషాలు, మూడు కాలాల్లో ఒక వర్ణం, మిగిలిన సమయం రాగం. అలా రోజుకు యాభై నిమిషాలే దొరికినా ఏళ్ళ తరబడి నిలబెట్టుకున్నాను. ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. సరళీ స్వరాలు రోజూ చెప్పడం వల్ల నా పాటకు నష్టం రాలేదు. విలంబ కాలంలో నా షడ్జ పంచమాలు అంత నిలకడగా అంతకు ముందు ఎప్పుడూ లేవు. పిల్లలు మీ గొంతునే పట్టుకుని పాడతారు కాబట్టి, ప్రతి స్వరం ఒళ్ళు దగ్గర పెట్టుకుని పలకాల్సి వస్తుంది.

చేరిన రోజే వాచ్‌మన్‌ను అడగండి, ఉదయం గేటు ఎన్ని గంటలకు తీస్తారో, సంగీతం గది తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుందో.